డబ్బా మూత

“డబ్బా తెరువు పాపా!” వేటకొడవలి ఎత్తి గద్దించాడు నా కొడుకు చెన్నకేశవ. ఎన్నికలప్పుడు ఊళ్లోకి వచ్చే ప్రతి డబ్బాలోనూ వాడికి నాటుబాంబులే కనిపిస్తాయి.

“ఎండ తగిల్తే చెడిపోతాదన్నా. కుదపొద్దు,” అంది ప్రొద్దుటూరు కాలేజీ పిల్ల.

వాడి మనుషులు దూరం జరిగారు.

“బాంబులు కాదన్నా, గంగవాయిలాకు! మీ చౌడునేల ఉప్పుకే దీంట్లో మందుగుణం పెరుగుతాది. వేడికి పోతాది. అందుకే ఐసులో పెట్టినా. ఇది చెడితే నా పరిశోధనంతా పాయె.”

“కతలొద్దు. తెరువు!”

“ఉండరా, నేను తెరుస్తా,” అన్నాను.

వాడు నన్ను ఆపలేదు.

కొంగు నీడ పట్టి మూత ఎత్తాను. ఐసుముక్కల మధ్య ఎర్రకాడల ఆకు.

“ఏముందమ్మా?”

గొంతు నా వీపు వెనక నుంచి వచ్చింది. ఊరంతా భయపడే నా కొడుకు నన్ను అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

“ఆకేరా,” అన్నాను మూత వేస్తూ. “ఇంక బయటికి రా నాయనా.”