రెండు పటాలు

"వాచీ, ఉంగరం, బెల్టు... ఒంటి మీద ఇంకేమైనా ఇనుము ఉందా?" అంది టెక్నీషియన్ అమ్మాయి.

లైన్‌మన్ జేబులు తడుముకున్నాడు. మూడోసారి తడిమితే చిన్న స్క్రూడ్రైవర్ బయటపడింది.

"ఆస్పత్రికి ఇదెందుకండీ?"

"అలవాటమ్మా. ఇరవై రెండేళ్ళ టెలిఫోను ఉద్యోగం."

వెనకనుంచి వదిన అందుకుంది. "అసలు ఇనుమంతా ఆయన మొండితనంలో ఉందమ్మా. అది తీయడం నీ వల్ల కాదు."

ఆవిడ అతని భార్యకు అక్క. చెల్లెలు మెట్లమీంచి జారిపడి నలభై రోజులైంది. కళ్ళు తెరుస్తుంది, మూస్తుంది. ఎవరినీ చూడదు. పిలిస్తే పలకదు.

ఇవాళ తేలిపోతుంది. మాట వినపడుతోందని తెలిస్తే ఆమెకు ఇక్కడే వైద్యం సాగుతుంది. లేదంటే మధ్యాహ్నమే పక్క భవనానికి మార్చేస్తారు. అక్కడ గొట్టంతో ఆహారం పోస్తారు, పూటకోసారి పక్కకు తిప్పుతారు. అంతే.

డాక్టరు పొద్దున్నే విడమరిచి చెప్పాడు.

"మెదడులో భాగాలన్నీ బతికే ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయా అన్నదే అనుమానం."

"లైను ఉందా, తెగిందా అనేగా?"

"అదే. ఇంట్లో గదిగదికీ నడుస్తున్నట్టు ఊహించుకోమని స్కానింగ్ మెషీన్‌లో పడుకోబెట్టి చెబుతాం. ముందు ఆవిడకు, తర్వాత మీకు. ఇద్దరి మెదడు పటాలూ పక్కపక్కన పెట్టి చూస్తాను. వాటిమీద పేర్లుండవు, నంబర్లే. పేరు తెలిస్తే జాలి అడ్డొస్తుంది. నంబర్లు కంప్యూటరే కలగలిపి వేస్తుంది, ఏది ఎవరిదో అది అచ్చేసిన కాగితాన్ని ఈ అమ్మాయి చూడకుండా కవరులో పెట్టి అంటిస్తుంది."

ఆమె లోపలున్న అరగంటా లైన్‌మన్ వరండాలో తిరుగుతూనే ఉన్నాడు. 'దేవుడా, రోజూ నీతో మాట్లాడతాను. నువ్వు ఒక్కసారీ పలకలేదు. అయినా నీకు వినపడదని నేనెప్పుడైనా అన్నానా? మరి ఆమెకే ఎందుకయ్యా ఈ పరీక్ష?'

"కాస్త కూర్చో మరిదీ, నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి. నలభై రోజులుగా దాని చెయ్యి పట్టుకుని ఆ కుర్చీలోనే ఉన్నావు. మనిషివా, బొమ్మవా?"

"నేను కునుకు తీసినప్పుడే అది నా వేలు నొక్కితే, వదినా?"

వదిన కుర్చీ అతనివైపు జరిపింది.

అతని వంతు వచ్చింది. తలకు అటూ ఇటూ దిండ్లు బిగించారు. దుప్పటి కప్పారు. బల్ల మెల్లగా గొట్టంలోకి జారింది. టకటకమని మెషీన్ మొదలైంది. "వంటింట్లోంచి బయల్దేరండి" అంది చెవిలో అమ్మాయి గొంతు.

బల్ల బయటికొచ్చింది.

"అప్పుడే అయిపోయిందా?" అన్నాడు లైన్‌మన్, కళ్ళు నులుముకుని చెంప తుడుచుకుంటూ.

"అరగంటైందండీ."

మరో గంటకు డాక్టరు గదిలోకి పిలిచారు. తెరమీద రెండు పటాలున్నాయి.

"ఇది ఒకటో నంబరు. నడవమన్నప్పుడల్లా నడిచారు, ఆగమంటే ఆగారు. దారులన్నీ ఎంత చక్కగా వెలిగాయో చూడండి." డాక్టరు కళ్ళద్దాలు తీశాడు. "రెండోది... ఎక్కడికక్కడే ఉండిపోయింది. పిలిచాం. ఎవరూ రాలేదు."

లైన్‌మన్ తెరకు ముక్కు ఆనేంత దగ్గరికి జరిగాడు. రెండో పటం మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ సన్నగా ఏదో ఉంది సార్. ఇదిగో, ఇక్కడ. ఇంకొక్కసారి చూడండి."

"అది లెక్కలోకి రాదండీ."

"సన్నదైనా లైను లైనే కదా సార్!"

"ఊరుకో నాయనా," అంది వదిన. "దాన్ని ఇంకా ఎందుకు హింసపెట్టడం? మార్చేయమని సంతకం పెట్టు."

అతను కలం అందుకున్నాడు. మొదటి అక్షరం వంకర పోయింది. కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాడు.

"సార్, రిపోర్టులో పేర్లు రాయాలి. కవరు ఇంకా తెరవలేదు," అంది టెక్నీషియన్.

"తెలుస్తూనే ఉందిగా, రాసెయ్యమ్మా."

"చూసే రాయాలి కదా సార్." కవరు చింపింది. కాగితం చదివింది. తెరవైపు చూసింది. మళ్ళీ చదివింది.

"సార్, ఒకటో నంబరు ఈయనది కాదు, ఆవిడది."