నీళ్లడగని మొక్క

“నీళ్లు పోయకపోయినా బతికే మొక్క కావాలమ్మా. సమాధి మీదకు,” అందామె, స్టూలు లాక్కుని కూర్చుంటూ. భర్త వెనకే నిలబడ్డాడు.

నర్సరీ యజమానురాలికి ఒళ్లు మండింది. ఈమె అత్తగారు పోయి ఆర్నెల్లు కూడా కాలేదు. ఉన్నన్నాళ్లూ ఆ పెద్దావిడ మొక్కలు ఇక్కడే కొనేది. వచ్చినప్పుడల్లా కోడలి గురించి నాలుగు మాటలు చెప్పుకుని వెళ్లేది. అవన్నీ నిజమేనన్నమాట.

అయినా గిరాకీ గిరాకీయే. పసుపుపూల వరస చూపించింది.

“దీని పేరు కోరియాప్సిస్. నోరు తిరక్కపోతే పసుపుపూల మొక్క అనండి, పలుకుతుంది. పైనంతా ఎండిపోయినా వేరు చావదు, ఏటా మళ్లీ చిగురేస్తుంది. రేకపూలది ఉంది, ముద్దపూలది ఉంది, పొట్టిది ఉంది. ముద్దపూలది కాస్త గారాబం, రోజూ నీళ్లడుగుతుంది. పొట్టిది మొండిఘటం.”

కోడలు కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. మొగుణ్ణే వరసల మధ్య తిప్పింది. అతను ఒక్కో కుండీ తెచ్చి, ఆమె కళ్ల ముందు పెట్టి, మళ్లీ తీసుకెళ్లాడు. మహారాణి దర్బారే అనుకుంది యజమానురాలు.

“ముద్దపూలది తీసుకుందాం. నీళ్లు నేను పోస్తాగా, రోజూ వెళ్తాను,” అన్నాడతను.

“రోజూ వెళ్లి అక్కడే కూర్చుంటే పిల్లలకు అన్నం ఎవరు పెడతారు? పొట్టిదివ్వండమ్మా. ఈయన నెలకోసారి వెళ్తే చాలు.”

“నెలకోసారేమిటే?” అన్నాడతను.

“అదీ ఎక్కువే. తర్వాత్తర్వాత మానెయ్యాలి.”

అతను గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. కన్నతల్లికి చెంబెడు నీళ్లు పోసుకోవడానికి కూడా మొగుణ్ణి వదలని మనిషి. ఇలాంటి కోడలు పగవాళ్లకు కూడా వద్దు అనుకుంది యజమానురాలు.

ఆరు పొట్టి మొక్కలు పక్కన పెట్టి, ముఖం ముడుచుకుని అడిగింది.

“పెద్దావిడ సమాధి నాకు తెలుసులెండి. రేపే మనిషిని పంపి నాటించెయ్యనా?”

“రేపే వద్దమ్మా,” అంటూ కోడలు భర్త భుజం పట్టుకుని మెల్లగా లేచింది. “ఇవి అత్తయ్యకు కాదు, నాకు. రెండు నెలలకు మించదన్నాడు డాక్టరు.”