నాలుగు వందల పదమూడో పేరు

తమ్ముడు పోయిన రోజున, వాడు కూతురి కోసం కంప్యూటర్ ఆటలో కొత్తగా చేరుస్తున్న గాడిద సగంలో ఆగిపోయింది. అది నిలబడుతుంది, నడవదు. దాన్ని నేను నడిపిస్తానని మేనకోడలికి మాటిచ్చాను. నేను లెక్కల టీచర్ని. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే పైథాన్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టి ఆరు వారాలైంది.

ఆటకు తెలిసిన ఆదేశాల పేర్లన్నీ ఏరి స్టబ్ ఫైలు తయారుచేసే ప్రోగ్రాము ఒకటి వాడే రాసిపెట్టాడు. ఆ ఫైల్లో పేర్లే ఉంటాయి, లోపల ఏమీ ఉండదు. అది ఉంటే, నేను ఒక అక్షరం కొట్టగానే, ప్రోగ్రాము రాసుకునే ఎడిటర్ మిగతా పేరు అందిస్తుంది. రోజూ నాలుగు వందల పన్నెండు పేర్లు వచ్చేవి. ఈ రాత్రి ఒకటి ఎక్కువ వచ్చింది: అక్కను_నవ్వించు.

నన్ను అక్కా అని పిలిచింది వాడొక్కడే.

"అత్తా, నువ్వే పెట్టావు కదూ?" అంది పక్కనే కూర్చున్న మేనకోడలు.

"నాకంత తెలివుంటే నీ గాడిద ఈపాటికి ఊరు దాటేది కదే!"

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వు ఆగింది. అప్పుడు స్పీకర్లో ఒక గిట్ట చప్పుడు వినిపించింది. తెర మీద గాడిద మావైపు ఒక అడుగు ముందుకు వచ్చి ఉంది.

"ఆ పేరు కొట్టి చూడు అత్తా!" అంది మేనకోడలు సంబరంగా.

నేనింకా కొట్టనేలేదు, అప్పటికే అది నన్ను నవ్వించేసింది.