పలికే కోన

కోన అంచున బండ మీద నిలబడి వనజాక్షి కిందికి చూసింది. చెట్ల తలలే గాని నేల కనిపించలేదు.

తిరుత్తణికి పడమటి కొండల్లో అంత లోతు కోన ఇంకొకటి లేదు. మూడు పక్కలా గోడ కట్టినట్టు కొండలు. మిట్టమధ్యాహ్నం మాత్రం ఎండ లోపలికి తొంగిచూసి పోతుంది. ఎలుగుబంట్లకు జడిసి ఊళ్లో ఎవరూ అటు తొక్కరు. చిన్నప్పుడు మేకలు తోలుకుని అక్కడ తిరిగినవాళ్లు ఇద్దరే. ఆమె మొగుడు లోకనాథం, అతని తమ్ముడు నాగలింగం.

డెబ్బై నాలుగు కరువులో, తప్పిపోయిన పెయ్యను వెతుక్కుంటూ లోకనాథం కోనలోకి దిగాడు. మర్నాటికీ ఎక్కి రాలేదు. నాగలింగమే మగవాళ్లను కూడగట్టి ముందు నడిచాడు. వద్దన్నా వినక వనజాక్షి వెంట వచ్చింది.

కోనలో మనిషిని పేరు పెట్టి పిలిస్తే దెయ్యం పట్టుకుంటుందనీ, ఊరికే ‘ఓ’ అని కూతెయ్యమనీ నాగలింగం దారిలోనే అందరికీ చెప్పాడు. వనజాక్షికి చెప్పే పని లేదు. మొగుడి పేరు ఆమె ఏనాడూ నోట పలికింది కాదు.

“ఓ...” అని గొంతెత్తింది.

కాసేపటికి అడుగు నుంచి సన్నగా వచ్చింది. “ఓ...”

వనజాక్షి మగవాళ్ల వైపు తిరిగింది. “ఆయన గొంతే నాయినా. దిగండి.”

మగవాళ్లు భుజాల మీది తాళ్లు దించారు. నాగలింగం దిగులుగా తల అడ్డంగా ఊపాడు.

“కొండ, వదినా. మన కూత మనకే తిరిగొస్తాది. అంత లోతుకు పోయొచ్చేతలికి రవంత మొద్దుబారతాది. చిన్నప్పుడు నేనూ అన్నా ఇదే ఆట ఆడినాము. కావాలంటే చూడు.”

తానూ “ఓ” అన్నాడు. “ఓ” అని వచ్చింది, ఇంకొంచెం నీరసంగా.

“మనూరి కొండ గదా, మన యాసే,” అన్నాడు ముసలి ధర్మలింగం.

పొద్దు వాలుతోంది. కింద ఎలుగులు. మగవాళ్లకు కావలసిందీ ఆ మాటే. తాళ్లు మళ్లీ చుట్టేశారు.

శవం లేకుండానే కర్మలు జరిపారు. అన్న భాగం భూమీ బావీ నాగలింగం చేతికి వచ్చాయి. బిడ్డల్లేని వదినను వీధిలో వదిలేయకుండా పసులకొట్టంలో ఇంత చోటిచ్చి, మేకలు అప్పగించాడు. ఊరు మెచ్చుకుంది. మరిది చల్లగా ఉండాలనే వనజాక్షీ అందరితో అనేది.

మరుసటి ఆడికృత్తిక పండక్కి నాగలింగం కావడి ఎత్తుకుని, పెండ్లాం బిడ్డలతో తిరుత్తణికి పోయాడు. ఆ పొద్దు మేకపిల్ల ఒకటి తప్పిపోతే, దాన్ని వెతుక్కుంటూ వనజాక్షి కోన అంచుకు చేరింది. అదే బండ. ఆకు కదలడం లేదు. మొగుడు చిన్నప్పుడు ఆడుకున్న ఆ ఆట, తనూ ఒక్కసారి ఆడాలనిపించింది.

“ఓ...” అని పిలిచి చెవి ఒగ్గింది. గొంతు చీరుకుపోయేలా మళ్లీ పిలిచింది.

కోన పలకలేదు.