వంపు అవతల

తలుపులతో వచ్చిన లారీని భవ్య మళ్లీ వెనక్కి పంపేసింది.

కాంట్రాక్టరు రామాంజినప్ప నెత్తి గోక్కున్నాడు. జిగణిలో చేయించిన కొత్త తలుపులవి. పాలిష్ వాసన ఇంకా పోలేదు.

"బాగుండాయి కద మేడం. ఇవీ వద్దంటే ఎట్ల?"

"తలుపుల కోసం కొత్త చెట్టు కొట్టకూడదని మొదట్లోనే చెప్పినాను కదప్పా. పాతవి వెతకండి."

పాతవి దొరకడం లేదు. దొరికినవన్నీ చెద తిన్నవే.

వృషభావతి ఒడ్డున ఆ నది గురించే ఒక మ్యూజియం కట్టాలన్నది భవ్య కల. ఆమె ఆర్కిటెక్టు. నది పేరు చెప్పి ఇంకో సిమెంటు పెట్టె కట్టడం ఆమెకు ఇష్టం లేదు. ఏసీ ఉండదు. గాలి ఆడే గోడలుంటాయి. పైకప్పు మీద పడిన వాన వృథా పోదు. రాయి, ఇటుక, కలప, అన్నీ ఎక్కడో వాడి తీసేసినవే. కాగితం మీద ఉన్నంతవరకు ఇది మ్యూజియం కమిటీలో అందరికీ నచ్చింది. పని మొదలయ్యాక తలా ఒకవైపు లాగడం మొదలుపెట్టారు.

ముందువైపు అద్దాలు కావాలన్నారు ఒకరు. నేల కింద పార్కింగ్ లేకపోతే పెద్దవాళ్లెవరొస్తారన్నారు ఇంకొకరు. నీళ్ల మీద తేలే మురికి నురగ కనిపించకుండా నదివైపు ఎత్తుగా గోడ లేపెయ్యమన్నాడు కమిటీ అధ్యక్షుడు. నది మ్యూజియంలోంచి నది కనిపించకపోతే ఎలా సార్ అని భవ్య అడిగింది. వాసన కూడా రాకూడదమ్మా అన్నాడాయన.

ప్రతి మీటింగు నుంచీ పళ్లు నూరుకుంటూ బయటికొచ్చేది. అన్నం ముందు కూర్చుని కూడా వాళ్లతోనే వాదించేది. ఆ పని వదిలెయ్యవే అని వాళ్లమ్మ ఎన్నోసార్లు చెప్పి చూసింది. భవ్య వదల్లేదు. వాళ్ల తాత ఈత నేర్చుకున్నది ఈ నదిలోనే. తనకు మాత్రం, స్కూలు బస్సు దాని మీదుగా వెళ్లినప్పుడల్లా ముక్కు మూసుకోవడమే గుర్తు.

ఒక్క విషయంలో మాత్రం ఎవరూ అడ్డం రాలేదు. ఒడ్డు వెంబడి ఏ కట్టడమూ ఉండకూడదని, అక్కడంతా చెట్లే పెంచాలని ఆమె అడిగింది. గొడవకు సిద్ధపడే వెళ్లింది. సర్కారు ఆఫీసరు వెంటనే తల ఊపాడు. నది వంపు అవతలున్నది కూడా సర్కారు జాగానే, అదీ కలిపేసుకోండి అన్నాడు. నమ్మలేకపోయింది. ఆ సాయంత్రం వాళ్లమ్మకు మైసూరుపాకు కొనుక్కెళ్లింది.

ఆ సంతోషం ఇప్పుడు తలుపుల దగ్గర ఆవిరైపోతోంది. అధ్యక్షుడు రోజూ ఫోన్ చేస్తున్నాడు. కొత్తవే బిగించమంటున్నాడు. కాదంటే ఆమె బదులు ఇంకొకరిని చూసుకుంటామని మెల్లగా అనేశాడు కూడా. ఫోన్ పెట్టేశాక భవ్యకు ఏడుపొచ్చింది. ఒంటరిగా ఎంతమందితో పోట్లాడాలి?

వారం తిరక్కుండానే రామాంజినప్ప నవ్వుకుంటూ వచ్చాడు. వెనక లారీ. దాంట్లో పనసచెక్క తలుపులు, ద్వారబంధాలతో సహా. చేతులు తగిలి తగిలి నున్నగా తేలినవి. కొన్నిటికి నీలం రంగు. ఇత్తడి గొళ్లేలు కూడా ఊడలేదు.

"ఎక్కడివప్పా ఇవి?"

"పాత సామాన్ల అంగట్లో దొరికినాయి మేడం. దూరం గూడ కాదంట. ఈ చుట్టుపక్కలవే."

దగ్గరివైతే ఇంకా మేలు. లారీ డీజిలు కూడా మిగిలింది. భవ్య ఇంకేమీ అడగలేదు. తనే గుడ్డ పట్టుకుని వాటి దుమ్ము తుడిచింది. వరసగా బిగించి నిలబెట్టాక, ఎదురుగా నేలమీదే కూర్చుని చాలాసేపు చూసింది. ఇన్నాళ్లకు ఒక్కటి తను అనుకున్నట్టు జరిగింది.

ఇక మిగిలింది మాటలు. ఈ నీళ్లు తాగిన మనిషి గొంతు మొదటి గదిలో వినిపించాలని ఆమె కోరిక. అలాంటివాళ్లు ఇక్కడెవరూ మిగల్లేదని సర్కారు ఆఫీసులో తేల్చేశారు. భవ్య ఊరుకోలేదు. వాళ్లనీ వీళ్లనీ అడగ్గా అడగ్గా ఆనేకల్ దగ్గర అక్కయమ్మ ఉందని తెలిసింది. ఈ నదిలో బట్టలుతికి పిల్లల్ని పెంచిన ముసలావిడ.

కబురు పెడితే బస్సులు మారి వచ్చింది అక్కయమ్మ. భవ్య ఎదురెళ్లి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. కుర్చీ వేసింది. మజ్జిగ ఇచ్చింది. ఫోన్‌లో రికార్డింగ్ నొక్కింది.

"నది గురించి మీకు తోచింది చెప్పండవ్వా. మీరు ఈ ఒడ్డు వదిలి ఎన్నేండ్లయింది?"

అక్కయమ్మ కూర్చోలేదు. మజ్జిగ గ్లాసు కుర్చీలో పెట్టి, నీలం తలుపు దగ్గరికి నడిచింది. దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. భవ్య ఫోన్ ఇంకొంచెం దగ్గరగా పట్టుకుంది.

"మొన్న ఉగాది దాకా ఆ వంపు అవతల ఈ తలుపు ఏసుకోనే పండుకుంటా ఉంటిమి తల్లీ, ఎవరో మేడం అడిగిందని, ఒడ్డుమింద చెట్లు పెట్టల్లని, మా ఇండ్లన్నీ పడగొట్టేదాక."