పజుండౌంగ్ గుడి మాన్యం

"ఆ రెండు కొట్ల అద్దె ఇయ్యాల్టితో పంతులుగారికి ఆపీయండి. ఎదర విహారానికి ధారపోసీయండి," అంది సుధామణి.

గుడి మండపంలో ఫ్యాను తిరుగుతోంది.

ధర్మకర్త రామలింగం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పజుండౌంగ్ అమ్మవారి గుడికి ఉన్న ఆదాయమంతా వాగు వైపు వీధిలోని ఆ రెండు కొట్లే. బర్మా ఓడరేవులో పనికొచ్చిన తాతలు గుడి కట్టి, పూజారి బతకడానికని వాటిని వదిలిపోయారు. సెంటు భూమి లేకపోయినా ఆ అద్దెను మాన్యం అనే పిలుస్తారు. ఆ మాన్యం, గుడి వెనక గది, రెండూ పూజారివే.

రెండో ధర్మకర్త బాలామణి ముందుగా తేరుకుంది.

"ఏటే సుదామణీ, మతుండే మాటాడుతున్నావా? ఈ మాట ఇంకెవులైనా అనుంటే సెప్పు తీసీదాన్ని."

"మతుండే అంటన్నాను, అప్పా."

"మాన్యంతో పాటు గదీ పోద్ది. తెలుసా?"

"తెలుసు."

"అమ్మోరికి పెసాదాలొండే సెయ్యేనా నీది!"

సుధామణి ఆ చేతులు ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. "పోయిన శుక్రవారం హారతి పళ్లెం పడీసినారు. నిన్న మెట్లమీద కూలబడిపోయినారు. మంత్రం మజ్జిలో ఆగిపోతంది. ఇలాటోలకి మాన్యమెందుకు?"

గర్భగుడి గడప పక్కన కూర్చున్న పూజారి తలెత్తాడు. డెబ్బై దాటిన మనిషి. రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు.

"అద్దె తిన్నోడు మూడు పూటలా తన సేత్తోనే దీపం పెట్టాల. పెద్దోల్ల కట్టడి. ఇన్నేళ్లలో ఒక్క పూట... తప్పినానా?"

"తప్పలేదు. అందుకే మానీయమంటన్నాను."

రామలింగం చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపాడు. "గొడవెందుకు? కట్టడి సడలించీద్దాం. పంతులూ, నువ్వు ఆస్పత్రికెల్లి ఆ గుండె ఆపరేషనేదో సేయించుకొచ్చీ. అందాకా దీపం మేం పెడతాం."

"ఆపరేషనూ లేదు, ఏటీ లేదు. సేయని పనికి అద్దె తిన్ను. మాన్యం నాదున్నన్నాళ్లూ దీపం నాదే."

"ఇన్నారు కదా," అంది సుధామణి.

"పోనీ, కొన్నాళ్లు మాన్యం నా పేరుమీద పెట్టుకుంటాను," అన్నాడు రామలింగం.

"మీ మెతకతనం నాకు తెల్దా, ఊ రామలింగం?" బర్మాలో మగవాళ్లకి ‘ఊ’ అంటే ‘గారు’ అన్నట్టే. " పంతులుగారొచ్చి మీ కొట్టుకాడ నిలబడితే సాయంత్రానికల్లా తిరిగిచ్చీస్తారు. భిక్షువులకి ధారపోసింది మల్లీ రాదు. నాకదే కావాల."

"రాదనే కావాలా!" బాలామణి నుదురు కొట్టుకుంది. "ఏం కచ్చే తల్లీ!"

విహారం పెద్ద భిక్షువును సుధామణి ముందే పిలిచి ఉంచింది. ఆయన నడిపే ఉచిత బడిలో సగం మంది తెలుగు పిల్లలే. లోపలికి వచ్చి ఎత్తు పీట మీద కూర్చుని, సంగతంతా విని, ఆడవాళ్లకి పెట్టే ‘డో’ మర్యాదతో బర్మా భాషలో నెమ్మదిగా అన్నాడు.

"డో సుధామణీ, తింటున్నవాడి నోటి దగ్గర లాక్కున్నది నేను తీసుకోను. ఆయన తన చేత్తో నీళ్లు వదిలితేనే అది దానం."

పూజారి నవ్వాడు. "నాను వదల్ను. ఎల్లి రండి."

సుధామణి లేచి వంటగదిలోకి వెళ్లింది. రాగిచెంబు నిండా అంచుదాకా నీళ్లు తెచ్చి, ఒక పళ్లెంతో సహా ఆయన ముందు పెట్టింది.

"వదలొద్దు. ఒలక్కుండా ఎత్తండి సాలు. ఎత్తితే నా మాట వెనక్కి తీసుకుంటాను. మల్లీ ఈ గుడిలో నోరెత్తను."

"మాటేనా?"

"అమ్మోరి మీద ఒట్టు."

ఆయన చెంబు అందుకున్నాడు. మోచేతిదాకా చెయ్యి వణికింది. ఎడమచేతిని సాయం తెచ్చుకున్నాడు. అదీ వణికింది. నీళ్లు మణికట్టు మీదుగా జారి, పంచె తడిపి, గడప దాకా పారాయి. రామలింగం తల తిప్పుకున్నాడు. బాలామణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుధామణి కదల్లేదు.

"అమ్మోరి ముందు మంట పట్టుకునే సెయ్యి ఇదేనా?" అని అడిగింది.

"ఓసి రాకాసీ!" అంది బాలామణి.

పూజారి తడి చేతిని చూసుకున్నాడు. అమ్మవారి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత పళ్లెం తనవైపు లాక్కుని, చెంబులో మిగిలిన నీళ్లు బొట్టుబొట్టుగా అందులోకి వదలడం మొదలుపెట్టాడు.

దీవెనలో దాత పేరు చెప్పాలి. భిక్షువు దగ్గరగా ఉన్న సుధామణిని ఆ పేరడిగాడు. ఆమె పెదవి విప్పలేదు. కాసేపు చూసి రామలింగమే గొంతు సవరించుకున్నాడు.

"వెంకటరమణ."

"సాధు, సాధు, సాధు," అన్నాడు భిక్షువు.

ఆయన వెళ్లాడు. గుడి తాళాలు తీసుకుని రామలింగం వెళ్లాడు. బాలామణి సుధామణి ముఖం చూడకుండా మెట్లు దిగిపోయింది. మండపంలో ఇద్దరే మిగిలారు.

"ఇప్పుడు సల్లబడ్డావా?" అన్నాడు పూజారి.

"ఇంకా లేదు. సెప్పులేసుకోండి. బయట టాక్సీ ఉంది. రేపు పొద్దున్నే ఆపరేషను. డాక్టరు ఇయ్యాలే సేరిపొమ్మన్నాడు."

"నాను రానంటే?"

"ఎందుకు రారు? సాయంత్రం దీపం మీది కాదు కదా."

ఆయన స్తంభం పట్టుకుని లేచి, మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కున్నాడు.

పెళ్లయ్యాక ఆయన తన భార్య మాట వినడం అదే మొదటిసారి.