టేపులో పట్టిన శోకం

తాడిపత్రి రోడ్డు మీద గోవిందప్ప వీడియో గేమ్ కొట్టుకు మొదట్లో పిల్లలు పెద్దగా రాలేదు. తెర మీద లారీ మనిషిని గుద్దితే 'టుక్' మనేది, అంతే. లారీ కింద పడి తిప్పమ్మ కొడుకు పోయిన రోజు, పాడె దగ్గర ఆమె పెట్టిన శోకాన్ని గోవిందప్ప దొంగచాటుగా టేపులో పట్టాడు. ఆటలో మనిషి పడినప్పుడల్లా అది వినిపించేవాడు.

"ఒక్కసారి లేయి నాయనా!"

"గుద్దురా, ఇంకోసారి ఏడుస్తాది!" అని పిల్లలు ఎగబడ్డారు.

ఒక రాత్రి కొట్టు మూసే వేళకు తిప్పమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆ ఏడుపు నాదే కదప్పా?"

గోవిందప్ప తలెత్తలేకపోయాడు. "తప్పయిపాయ అక్కా. బుద్ధి గడ్డి తినింది."

"నీ కొడుకు యాడ?"

"రోడ్డు దాటి ఇప్పుడే ఇంటికి పోయినాడు, వాళ్లమ్మ చెన్నమ్మ కాడికి."

ఆమె చీకట్లోకి నడిచిపోయింది.

గోవిందప్ప సిగ్గుతో క్యాసెట్ బయటికి లాగి, టేపు తెంపి ముక్కలు చేశాడు. అప్పుడు ఏడుపు మొదలైంది. కొట్టులో కాదు, రోడ్డు మీద.

"ఒక్కసారి లేయి నాయనా!"

మాటలు తిప్పమ్మవే. గొంతు మాత్రం చెన్నమ్మది.